రుర్రెనబాకె: బేని నది ఒడ్డున తొందర తెలియని ఊరు

కిందటి ఎపిసోడ్‌లో బొలీవియా కొండల మీది లా పాజ్ నగరం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అక్కణ్ణించి కిందకి, అమెజాన్ అడవి మొదలయ్యే చోటికి దిగుదాం. ఊరి పేరు రుర్రెనబాకె. పలకడం కష్టంగా ఉంది కదా? అక్కడివాళ్ళకీ అంతే అనుకుంటా, అందరూ ముద్దుగా రుర్రె అనే అంటారు. ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి, ఏం తినాలి అన్నవి చెప్తాను. ఆ ఊరి ప్రశాంతత దేని మీద నిలబడి ఉంది, దానికి వచ్చిన ముప్పు ఏమిటి అన్నది కూడా చెప్తాను. అది తెలియకుండా వెళ్ళొస్తే ఫొటోలు తప్ప మనకేమీ మిగలదు.

ముందు మ్యాప్ ఊహించుకోండి. పడమటి వైపు ఆండీస్ పర్వతాలు, తూర్పు వైపు కనుచూపు మేరా చదును నేల. కొండలు ఆగిపోయి మైదానం మొదలయ్యే సరిగ్గా ఆ గీత మీద ఉంది ఈ ఊరు. కొండల్లోంచి బేని నది ఇరుకు దారిలో బయటపడి, ఊరి ముందుకి వచ్చేసరికి వెడల్పుగా, మట్టిరంగులో, నెమ్మదిగా పారుతుంది. అవతలి ఒడ్డున శాన్ బ్వెనవెంతూరా అని ఇంకో ఊరు. ఇవతల బేని రాష్ట్రం, అవతల లా పాజ్ రాష్ట్రం. నేను పడవలోనే అటూ ఇటూ తిరిగాను, నిమిషాల్లో దాటించేస్తారు.

వెళ్ళే దారులు రెండు. లా పాజ్ నుంచి విమానం ఎక్కితే గంట కూడా పట్టదు. ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 4,000 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ స్వెట్టర్ వేసుకుని వణుకుతూ ఎక్కుతాం, దిగేది దాదాపు 200 మీటర్ల ఎత్తులో. తలుపు తీయగానే మన మే నెల ఉక్కపోత మొహానికి తగులుతుంది. ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పి, ఆయాసం కూడా చాలామందికి అక్కడే తగ్గిపోతాయి. రెండోది బస్సు. యుంగాస్ లోయల మీదుగా ఘాట్ రోడ్లలో దిగుతుంది. వానలు లేకపోయినా చాలా గంటలు పడుతుంది, వానలుంటే ఎంతని చెప్పలేం. చవకే, కానీ నడుం గట్టిగా ఉన్నవాళ్ళకే.

ఇక్కడ మనవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. అది ఎల్లో ఫీవర్ టీకా. బొలీవియా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడికి వెళ్ళి, ఆ సర్టిఫికెట్ లేకుండా ఆరు రోజులలోపు ఇండియాలో దిగితే, మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే నిబంధన ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. టికెట్లు కొన్న రోజే ఈ పని కూడా చూసుకోండి.

సరే, ఊళ్ళోకి వద్దాం. పెద్ద ఊరేమీ కాదు, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేయొచ్చు. కార్ల కంటే మోటారు సైకిళ్ళు ఎక్కువ. ట్యాక్సీ అంటే కూడా మోటారు సైకిలే, వెనకాల ఎక్కి కూర్చోవడమే. మధ్యాహ్నం భోజనం వేళకి షట్టర్లు దిగిపోతాయి. వరండాల్లో ఉయ్యాలలు, అందులో మనుషులు. ఎండ తగ్గాక మళ్ళీ ఒక్కొక్క కొట్టూ తెరుచుకుంటుంది. సాయంత్రం నది ఒడ్డుకి జనం చేరతారు. పిల్లలు ఈదుతుంటారు, పెద్దవాళ్ళు ఊరికే కూర్చుంటారు. ఊరి వెనక గుట్ట మీద శిలువ దాకా ఎక్కితే మొత్తం వంపు తిరిగిన నది కనిపిస్తుంది.

ఇది చూసి చాలామంది ‘వీళ్ళకి పనేమీ లేదా?’ అంటారు. అది పొరపాటు. ఇదే బేని ప్రాంతంలో చిమానె అనే ఆదివాసులు ఉన్నారు. వీళ్ళ గుండెల మీద జరిగిన ఒక పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 705 మందికి సీటీ స్కాన్ తీస్తే 85 శాతం మందికి గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకున్న ఆనవాళ్ళే లేవు. అప్పటివరకు ఏ జనాభాలోనూ ఇంత తక్కువగా కనబడలేదు. వాళ్ళు రోజంతా నడుస్తారు, చేపలు పడతారు, వేటకి వెళ్తారు, అరటి, కర్రపెండలం పండిస్తారు. కాబట్టి తొందర లేకపోవడాన్ని సోమరితనం అనుకోకూడదు. ఎండని బట్టి, నదిని బట్టి పని చేయడం వాళ్ళ పద్ధతి. మన పల్లెల్లో కూడా తెల్లారుజామున పొలానికి వెళ్ళి మధ్యాహ్నం చెట్టు కింద నడుం వాల్చే రైతుని ఎవరూ సోమరి అనరు కదా.

తిండి విషయానికొస్తే, తప్పక తినాల్సింది దునుకుఆబి. నది చేపకి ఉప్పు పట్టించి, పెద్ద ఆకులో చుట్టి, నిప్పుల మీద కాలుస్తారు. ఇది తకానా ఆదివాసుల వంట. ఆకు విప్పగానే వచ్చే ఆవిరి వాసన పీలిస్తే, మారేడుమిల్లిలో వెదురు బొంగు పగలగొట్టినప్పటి వాసన గుర్తొచ్చింది నాకు. కారం మాత్రం ఆశించకండి. పొద్దున్న టిఫిన్‌కి మసాకో అని ఉంటుంది. ఉడికించిన పచ్చి అరటికాయనో కర్రపెండలాన్నో ఎండబెట్టిన మాంసంతో కలిపి దంచుతారు. శాకాహారులకి అన్నం, బీన్స్, వేయించిన అరటికాయ, గుడ్డు తింటే గుడ్డు దొరుకుతాయి. అడవి టూరుకి వెళ్ళేవాళ్ళు ముందుగానే చెప్పి పెట్టుకోవాలి.

ఇక టూర్లు. ఊళ్ళో ఎవరిని అడిగినా ‘పాంపాస్‌కా, అడవికా?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. రెండూ వేరు వేరు.

పాంపాస్ అంటే గడ్డి మైదానం, చిత్తడి నేల. జీపులో సుమారు మూడు గంటలు ప్రయాణించి శాంతా రోసా వైపు వెళ్ళి, యాకుమా నదిలో సన్నటి పడవ ఎక్కుతారు. చెట్లు తక్కువ కాబట్టి జంతువులు దాక్కోలేవు. ఒడ్డున కైమన్ మొసళ్ళు, మేకంత ఉండే కాపిబారాలు, కొమ్మల మీద కోతుల గుంపులు, నీళ్ళలో గులాబీ రంగు డాల్ఫిన్లు కనిపిస్తాయి. కాపిబారా అంటే ఏమీ కాదండీ, ప్రపంచంలోకెల్లా పెద్ద ఎలుక జాతి జంతువు. పోజు చూస్తే మాత్రం రిటైరైన హెడ్ మాస్టారిలా ఉంటుంది.

అడవి టూరు దీనికి పూర్తిగా భిన్నం. పడవలో బేని, తుయిచి నదుల మీదుగా ఎగువకి వెళ్ళి మదీదీ జాతీయ పార్కులో దిగుతారు. ఇక్కడ జంతువులు కనబడటం తక్కువ, వినబడటం ఎక్కువ. గైడు ఆగమంటే ఆగాలి, వాసన చూడమంటే చూడాలి. మదీదీని 1995లో ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 19 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి జిల్లా 10,800 చదరపు కిలోమీటర్లు, దానితో పోల్చుకోండి. దీంట్లో 200 మీటర్ల ఎత్తు అడవి నుంచి దాదాపు 6,000 మీటర్ల మంచు కొండల దాకా ఉన్నాయి. అందుకే ఒక్క పార్కులోనే వెయ్యికి పైగా పక్షి జాతులున్నాయి. 2004లో ఇక్కడ ఒక కొత్త కోతి జాతిని గుర్తించారు. దానికి పేరు పెట్టే హక్కుని 2005లో వేలం వేస్తే ఒక ఆన్‌లైన్ క్యాసినో 6,50,000 డాలర్లకి కొనుక్కుంది. ఆ డబ్బు పార్కు రక్షణ కోసమే.

ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఒక దుర్ఘటన వల్ల. 1981లో యోసి గిన్స్‌బర్గ్ అనే ఇజ్రాయెల్ యువకుడు ఇంకో ముగ్గురితో ఈ అడవిలోకి వెళ్ళాడు. తుయిచి నదిలో తెప్ప చెదిరిపోయి, దాదాపు మూడు వారాలు ఒంటరిగా తిరిగి ప్రాణాలతో దొరికాడు. ఇద్దరు ఎప్పటికీ దొరకలేదు. ఆయన రాసిన పుస్తకం చదివి ఇజ్రాయెల్ యువకులు గుంపులుగా రావడం మొదలుపెట్టారు. 2017లో దాన్నే ‘జంగిల్’ అనే సినిమాగా తీశారు.

అదే నది మీద శాన్ హోసె దె ఉచుపియామోనాస్ అని ఒక పల్లె ఉంది. సరైన బడి, వైద్యం లేక జనం ఊరు వదిలి పోతున్న రోజుల్లో, ఆ పల్లెవాళ్ళే అడవిలో చలాలాన్ అనే చెరువు పక్కన ఒక లాడ్జి కట్టుకున్నారు. బయటి సంస్థలు డబ్బు, శిక్షణ ఇచ్చాయి. 2001లో యాజమాన్యం మొత్తం పల్లె చేతికి వచ్చింది. వంట, పడవ, గైడు పనులన్నీ వాళ్ళవే. చెట్టు కొట్టి అమ్మితే ఒక్కసారే డబ్బు వస్తుంది, అదే చెట్టుని చూపిస్తే ఏటా వస్తుంది అని వాళ్ళు లెక్క వేసుకున్నారు.

మరి ముప్పు ఏమిటి? మూడు ఉన్నాయి.

మొదటిది ఆనకట్ట. ఊరికి కాస్త ఎగువన రెండు కొండల మధ్య నది ఇరుకుగా వచ్చే చోటుని ఎల్ బాలా అంటారు. పడవలో అక్కడికి వెళ్తుంటే మన పాపికొండలే కళ్ళముందు కనిపించాయి. అక్కడా, ఇంకాస్త పైన చెపెతె దగ్గరా రెండు జలవిద్యుత్ ఆనకట్టలు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. కరెంటులో ఎక్కువ భాగం బ్రెజిల్‌కి అమ్మడానికి. 2016 నవంబరులో నది ఒడ్డు పల్లెల వాళ్ళు ఆ ఇరుకు దగ్గర పన్నెండు రోజులు కాపలా కాసి సర్వే సిబ్బందిని వెనక్కి పంపారు. అయినా ఆ ప్రణాళిక మళ్ళీ మళ్ళీ తెరమీదకి వస్తూనే ఉంది. దేవీపట్నం నీళ్ళపాలు కావడం చూసిన గోదావరి జిల్లా వాళ్ళకి ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు. కరెంటు కావాల్సిన వాళ్ళు ఒక చోట, మునిగే వాళ్ళు ఇంకో చోట.

రెండోది బంగారం. ఎగువ నదుల్లో ఇసుక తవ్వి, బంగారు రేణువులను పాదరసంతో పట్టి, తర్వాత కాల్చి వేరు చేస్తారు. ఆ పాదరసం నీళ్ళలో చేరుతుంది, చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి పోతుంది, వాటిని రోజూ తినే మనుషుల్లో పేరుకుంటుంది. బేని ఒడ్డు ఆదివాసుల తలవెంట్రుకలు పరీక్షిస్తే పాదరసం ఎక్కువగా కనబడింది. బంగారంతో ఏ సంబంధం లేని వాళ్ళే ఆ భారం మోస్తున్నారు. రెండు రోజులు తినే మనకి పెద్ద ప్రమాదం లేదు, కానీ ఎంచుకునే వీలుంటే సురుబి లాంటి వేటాడే చేప కంటే, పండ్లు, గింజలు తినే పాకు చేప మేలు.

మూడోది మంట. పొలాల కోసం, పశువుల మేత కోసం పెట్టే నిప్పు వానలు ఆలస్యమైన ఏడాది అదుపు తప్పుతుంది. 2023 అక్టోబరు, నవంబరు నెలల్లో రుర్రె చుట్టుపక్కల అడవి తగలబడి, ఊరంతా పొగ కమ్మేసింది.

ఇంత పెద్ద సమస్యల్లో మన పాత్ర ఎంత అంటారా? చిన్నదే, కానీ ఉంది. ఈ ఊరి బతుకు బయటి మనిషి మీద చాలా ఆధారపడి ఉంది. 2014లో ఇజ్రాయెలీలకి వీసా తప్పనిసరి చేసినప్పుడు ఇక్కడ హోటళ్ళు, టూర్లవాళ్ళు గట్టి దెబ్బ తిన్నారు. టూరిజం తగ్గితే పడవ నడిపేవాడికి మిగిలే దారుల్లో బంగారం తవ్వకం ఒకటి. కాబట్టి మన డబ్బు ఎవరి చేతికి వెళ్తోందన్నది చూసుకోవాలి.

టూరు మాట్లాడుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. గైడు స్థానికుడేనా? జంతువులకి తిండి పెడతారా? అనకొండని పట్టుకుని చేతికిస్తారా? చివరి రెండింటికీ ‘ఓ, తప్పకుండా’ అని జవాబొస్తే దండం పెట్టి బయటికి వచ్చేయండి. చేతులకి దోమల మందు పూసుకున్న పదిమంది ఒక పాముని తడిమితే దానికి హాని అని మంచి గైడ్లే చెప్తారు. చవకగా వచ్చే టూర్లో ఆ చవక ఎక్కడో ఒకచోట వసూలవుతుంది. ఒక్కోసారి గైడు జీతంలో, ఒక్కోసారి జంతువు ఒంట్లో. డాల్ఫిన్లు ఉన్నచోట మొసళ్ళు రావు, ఈదండి అంటారు. అదేమీ గ్యారంటీ కాదు, నేనైతే పడవలోనే కూర్చున్నాను.

మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. జూన్, జూలై, ఆగస్టు నెలలు హాయిగా ఉంటాయి. మధ్యలో సురాసో అనే దక్షిణపు గాలి వీస్తే ఒక్కసారిగా చలి పుడుతుంది, కాబట్టి అడవికే కదా అని స్వెట్టర్ వదిలేయకండి. డిసెంబరు నుంచి వానలు, దారులు తెగిపోతాయి. నగదు లా పాజ్‌లోనే తెచ్చుకోండి. కనీసం ఐదు రోజులు పెట్టుకోండి. మూడు రోజులు టూరుకి, రెండు రోజులు ఊరికే నది ఒడ్డున కూర్చోడానికి. ఆ రెండు రోజులూ వృథా అనుకోకండి.

ఈ ఊరి గురించి, ఖర్చుల గురించి ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే అడగండి, వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. అప్పుడు బొలీవియా నుంచి పెరూ వైపు దాటుదాం. అంతవరకు సెలవు.