మొక్కతో పాటు మాట కూడ నాటుదాము

1986లో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరిన కథ పెద్దలు చెప్పగా విన్నాము. 2022 జూలైలో 71.3 అడుగుల నీటిని మన కళ్లతోనే చూచాము. గాలి వేడెక్కిన కొలది కుండపోత వానలు ఎక్కువవుతాయి. చెట్లు అంతటి వరదను ఆపలేవు గాని, మన చేలలో మట్టి కొట్టుకొనిపోకుండ పట్టుకొని, వాన నీటిని నేలలోనికి ఇంకనిస్తాయి.

ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వాస్తవ్యులు వనజీవి రామయ్యగారు గింజలు ఏరి, మొక్కలు సైకిలుపై మోసి దారుల వెంట నాటారు. అంతటితో ఆగక, మెడలో బోర్డు వేసుకొని ఊరూర చెట్టు సంగతి చెప్పారు. 2017లో పద్మశ్రీ అందుకొన్న ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మాట చెప్పేవారు లేకపోతే మొక్కకు కావలి ఉండదు.

ఈ వానకాలములో పిల్లలచేత వేప, చింత గింజలు నాటించుదాము. వరద నీళ్లు మన ఊరిలో ఎంతవరకు వచ్చాయో తాతలచేత అక్కడే చెప్పించుదాము. ఆ కథ విన్న బిడ్డ మొక్క మీదికి వచ్చే మేకను తానే తోలుతాడు.