చిన్న వాల్వు ఆంప్లిఫయర్‌కు బేస్ గిటార్ భారమే

అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ 1950లలో రూపొందించిన 'చాంప్' వంటి చిన్న వాల్వు గిటార్ ఆంప్లిఫయర్‌ను బేస్ గిటార్‌కు అనువుగా మార్చదలచినవారు తొలుత కెపాసిటర్ల జోలికే వెళ్తుంటారు. అసలు చిక్కు అక్కడ లేదు. గిటార్‌లో అతి మందపు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే, బేస్‌లో 41 సార్లే. కంపనాలు సగమైతే, అదే వోల్టేజికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌పై అయస్కాంత భారం రెట్టింపవుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దానిని మోయలేక ధ్వని చిట్లుతుంది. కనుక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను, 8 అంగుళాల స్పీకర్ స్థానంలో ఓముల విలువ సరిపోయే 12 లేదా 15 అంగుళాల బేస్ స్పీకర్‌ను అమర్చాలి. ఇంత చేసినా శక్తి 5 వాట్లే. ఇంటి సాధనకు చాలుతుంది గాని డ్రమ్ముల పక్కన వినబడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్ ద్వారా దానిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూడనిదే లోపల చేయి పెట్టరాదు.