వాన రాకడకు భీమా

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు రెంటినీ ఒకే గాట కట్టారు. ప్రాణం పోకడకు భీమా మనకు ఏనాటినుంచో ఉంది. ఏజెంటుగారు పండుగపూట కూడా వచ్చి, కాఫీ తాగి మరీ గుర్తుచేస్తారు గనుక మరచిపోయే వీలు లేదు. మరి వాన రాకడ మాటేమిటి?

హైదరాబాదునుంచి శ్రీశైలం రోడ్డున పోతే కందుకూరు తగులుతుంది. ఇంకా ముందుకు సాగితే ఆమనగల్లు, కల్వకుర్తి; అదంతా పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా. ఆ జిల్లాలో 2003లో ఒక వింత జరిగింది. వేరుశనగ, ఆముదం వేసిన 230 మంది రైతులు వానకు భీమా చేసుకున్నారు. బేసిక్స్ వారి కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకు దానిని నడిపింది. పూచీ వహించినది ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ. (బ్యాంకు పేరులోని భీమా నది పేరే గాని ఇన్సూరెన్సు కాదు సుమా!) మన దేశంలో ఇటువంటిది అదే మొదలు.

ఇందులో పొలం చూడటానికి ఎవరూ రారు. వానకొలత యంత్రం చెప్పిందే వేదం. పంటకు అదనులో ఎంత వాన కావాలో ముందే లెక్క కడతారు. అంతకు తగ్గితే సొమ్ము ఇస్తారు. రైతు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కరలేదు. బాగానే ఉంది! కాని మన వాన సంగతి తెలియనిదెవరికి? చెరువుకట్టకు ఈవల కురిసి, ఆవల మొగం చాటేస్తుంది. యంత్రం తడిసి, చెలక ఎండితే రైతుకు దక్కేది సున్న.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ భీమాలో దిగుబడినే కొలిచారు. వానాకాలపు తిండిగింజలకు రైతు కట్టవలసినది భీమా మొత్తంలో నూటికి 2 రూపాయలు, పత్తికి 5 మించదు. మిగతాది ప్రభుత్వాలు భరించాలి. 2020లో తెలంగాణ దానినుంచి తప్పుకున్నది. ఆ అక్టోబరులోనే కుంభవృష్టి కురిసి, చేతికందవలసిన పత్తీ వరీ ఎన్నోచోట్ల నీళ్లపాలయ్యాయి.

ప్రాణం పోకడకు మాత్రం అంతకుముందే ఏర్పాటు జరిగింది. 2018 ఆగస్టు 14న మొదలైన రైతు భీమా కింద, 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంచేత కన్నుమూసినా ఇంటివారికి 5 లక్షల రూపాయలు. ప్రీమియం సర్కారుదే. అయితే భూమి తన పేరిట ఉండాలి, పట్టాదారు పాసుపుస్తకం ఉండాలి.

కౌలుకు దున్నేవాడికి ఆ పుస్తకం ఎక్కడిది? విత్తనం అతనిది, అప్పు అతనిది. ఎండినా మునిగినా నష్టమూ అతనిదే. కందుకూరు పట్నానికి దగ్గర. పాసుపుస్తకం మన వీధిలోనే ఎవరి బీరువాలోనో ఉండవచ్చు.