వేరుశనగ ప్లాంటర్: పొలంలో దించే ముందు గింజల లెక్క చూసుకోండి

అనంతపురం ఎర్ర నేలల్లో విత్తడానికి దొరికే సమయం చాలా తక్కువ. నేల లోతు తక్కువ, ఇసుక పాలు ఎక్కువ. మంచి వాన పడినా పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆలోగా విత్తనం నేలలో పడాలి. ఎడ్లు, కూలీలు అందరికీ ఒకేసారి దొరకవు కాబట్టి ఇక్కడ ప్లాంటర్ల వాడకం పెరిగింది.

గొర్రు నుంచి ప్లాంటర్ దాకా

గొర్రు కూడా యంత్రమే. జడ్డిగంలో వదిలిన గింజలు గొట్టాల గుండా చాళ్లలో పడతాయి. ఇంగ్లండులో జెత్రో టల్ 1701 ప్రాంతంలో విత్తే యంత్రం చేశాడు. ఆ శతాబ్దం చివర్లో దక్షిణ భారత రైతుల గొర్రును చూసిన థామస్ హాల్కాట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి, ఇది యూరప్‌లోనే కొత్తగా పుట్టిందనుకున్న తన అభిప్రాయం తప్పని బ్రిటన్ వ్యవసాయ మండలికి రాశాడు. ఆ లేఖ 1797లో అచ్చయింది.

గొర్రుతో ఒక ఇబ్బంది ఉంది. గింజల మధ్య దూరం వదిలే మనిషి చేతివాటం మీద ఆధారపడుతుంది. ప్లాంటర్‌లో నేల చక్రంతో పాటు గుంటలున్న పళ్లెం తిరుగుతూ గింజలను లెక్కగా వదులుతుంది. అనంతపురం దగ్గర రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ‘అనంత ప్లాంటర్’ ఈ కోవలోదే.

ఎకరాకు ఎన్ని గింజలు?

వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. అయితే ఎకరాకు సుమారు 1,33,000 మొక్కలు. నూరు గింజలు 40 గ్రాములు తూగితే 53 కిలోలు కావాలి. మొలక శాతం 90 ఉంటే సుమారు 60 కిలోలు. మీ గింజలను తూచి, మొలక చూసి ఇదే పద్ధతిలో లెక్క వేసుకోండి.

యంత్రాన్ని సరిచూసే పద్ధతి

1. నేల చక్రం చుట్టుకొలతను టేపుతో కొలవండి. ఉదాహరణకు 1.5 మీటర్లు అనుకుందాం.
2. చక్రం నేలకు తగలకుండా ప్లాంటర్‌ను పైకి లేపి, ప్రతి గొట్టం కింద ఒక సంచి కట్టండి.
3. చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పండి. అంటే 30 మీటర్లు నడిచినట్టు. 8 వరుసల ప్లాంటర్ వెడల్పు 2.4 మీటర్లు కాబట్టి 72 చదరపు మీటర్లు విత్తినట్టు.
4. సంచుల్లోని గింజలన్నీ తూచండి. ఎకరాకు 60 కిలోల లెక్కన సుమారు 1,070 గ్రాములు రావాలి. తేడా ఎక్కువగా ఉంటే పళ్లెం గానీ పళ్ల చక్రం గానీ మార్చించండి.
5. సంచులను విడివిడిగా కూడా చూడండి. ఒకదానిలో బాగా తక్కువ వస్తే ఆ వరుసలో సందులు పడతాయి. పప్పు చీలినా, పొట్టు ఊడినా ఆ గుంటలు మీ గింజకు సరిపోవడం లేదని అర్థం.

విత్తేటప్పుడు

విత్తనశుద్ధి చేసిన గింజలను నీడలో బాగా ఆరబెట్టాకే పెట్టెలో పోయండి. తడి గింజలు అంటుకుని గుంటల్లోకి దిగవు. ట్రాక్టర్‌ను నిదానంగా నడపమనండి. వేగం పెరిగితే గుంటలు నిండక మొక్కల మధ్య సందులు మిగులుతాయి. మొదటి సాలు కాగానే మట్టి తీసి చూడండి. గింజ సుమారు 5 సెం.మీ. లోతులో, తడి మట్టిలో ఉండాలి.

ఈ పరీక్షకు పట్టేది కాసేపే. ప్లాంటర్‌ను బాడుగకు తెచ్చుకునేవారు వాన కోసం ఆగకుండా, ముందే యజమానితో మాట్లాడి ఈ పని పూర్తి చేసుకోండి. పదును వచ్చాక దీనికి తీరిక దొరకదు.