తీరప్రాంత వాణిజ్యస్థలాల్లో భూగర్భజల పెట్రోలియం కాలుష్య పర్యవేక్షణ: విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు నేపథ్యం

కీలకపదాలు: భూగర్భజలం, డీజిల్, పర్యవేక్షణ బావి, ఆటుపోట్లు, వేట నిషేధకాలం, సల్ఫేట్–క్లోరైడ్ నిష్పత్తి

ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు చేపలు ఎంత ముఖ్యమో డీజిల్ కూడా అంత ముఖ్యం. వేటకు వెళ్లే మరపడవలు సముద్రంలో రోజుల తరబడి ఉండేందుకు సరిపడా ఇంధనం నింపుకొని బయలుదేరుతాయి. 2023 నవంబరు 19 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు 40 పడవలు దగ్ధమైనప్పుడు ఆ ఇంధనపు తీవ్రతను నగరమంతా చూసింది. మంట కంటికి కనిపిస్తుంది. ట్యాంకు నుంచో గొట్టపు అతుకు నుంచో చుక్కచుక్కగా నేలలోకి దిగే డీజిల్ కనిపించదు. హార్బరులో లీకు ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దగ్గరలోని బోరుబావి నుంచి ఏడాదికి ఒకటి రెండు నమూనాలు తీసి పరీక్షకు పంపడం ఇటువంటి స్థలంలో ఎందుకు సరిపోదో వివరించడమే దీని ఉద్దేశం.

బోరుబావి పరిమితి

విశాఖ నగరం ప్రధానంగా తూర్పు కనుమల ఖోండలైట్ శిలలపై ఉన్నది. ఇక్కడ బోరు వేసేటప్పుడు పైనున్న శిథిల పొర కూలిపోకుండా కేసింగు పైపు దించి, దాని కిందనున్న రాతి పగుళ్లలోని నీటిని తోడుకుంటారు. డీజిల్ సాంద్రత లీటరుకు సుమారు 0.83 కిలోలు కాబట్టి అది జలమట్టం మీద తేలుతూ పేరుకుంటుంది. సరిగ్గా ఆ భాగాన్నే కేసింగు మూసివేస్తుంది. అటువంటి బోరు నీటిలో డీజిల్ కనిపించకపోతే నేల శుభ్రంగా ఉన్నదని కాదు, బావి చూడవలసిన చోటును చూడలేదని మాత్రమే అర్థం. పర్యవేక్షణ బావిలో చీలికలున్న పైపు అత్యధిక జలమట్టానికి పైనుంచి అత్యల్ప జలమట్టానికి కిందివరకు ఉండాలి.

పోటు వేళ, ఆటు వేళ

విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకు, ఆటుకు మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. జెట్టీకి సమీపాన నేలలోని జలమట్టం కూడా దీనిని అనుసరిస్తుంది; లోపలికి పోయేకొద్దీ ఊగిసలాట తగ్గుతుంది, ఆలస్యమవుతుంది. జలమట్టం దిగినప్పుడు ఇసుక రంధ్రాల్లో చిక్కుకున్న డీజిల్ బావిలోకి జారి పొర మందమవుతుంది. జలమట్టం లేచినప్పుడు అదే డీజిల్ నీటి కింద చిక్కుబడి పొర పలుచబడుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. అందుచేత నమూనా తీసిన తేదీతోపాటు గంటను, అప్పటి పోటు స్థితిని నమోదు చేయని ఫలితాన్ని మరొక ఫలితంతో పోల్చడం కష్టం.

మరొక చిక్కు జలమట్టం లెక్కలో ఉన్నది. ఒక బావిలో నీటికి, డీజిల్‌కు మధ్య సరిహద్దు సముద్రమట్టానికి 0.40 మీటర్ల ఎత్తున ఉండి, దానిపై 0.30 మీటర్ల డీజిల్ ఉన్నదనుకొందాం. అసలు జలమట్టం 0.40 + (0.30 × 0.83), అంటే సుమారు 0.65 మీటర్లు. ఈ సవరణ చేయకపోతే 25 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. వాలు అతి స్వల్పంగా ఉండే తీరంలో, సముద్రం వైపు పారే నీరు ఊరి వైపు పారుతున్నట్లు చూపడానికి ఆ తప్పు చాలు. ఆటుపోట్ల ప్రభావాన్ని వడకట్టి సగటు జలమట్టం తేల్చడానికి వరుసగా 71 గంటలపాటు గంటగంటకూ కొలతలు తీసుకొనే పద్ధతిని సెర్ఫెస్ 1991లో ప్రతిపాదించారు. జలమట్టాన్ని తనంతట తానే నమోదు చేసే పరికరం ఉంటే ఇది పెద్ద శ్రమ కాదు.

వేట నిషేధకాలం

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. డీజిల్ అమ్మకాలు దాదాపు నిలిచిపోతాయి. పరిశోధకునికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, కాని ఉచ్చు కూడా ఇక్కడే ఉన్నది. వేసవిలో జలమట్టం బాగా దిగి ఉంటుంది కనుక పాత డీజిల్ బావిలో మందంగా కనబడవచ్చు. దానిని కొత్త లీకుగా పొరబడే ప్రమాదం ఉన్నది. కనుక ఈ కాలంలో బావి కంటే ట్యాంకు నిల్వ నమ్మదగిన సాక్ష్యం. అమ్మకం లేనప్పుడు నిల్వ తగ్గకూడదు. అయితే 20,000 లీటర్ల డీజిల్ ఒక్క డిగ్రీ సెల్సియస్ చల్లబడినా సుమారు 16 లీటర్లు కుంచించుకుపోతుంది. ఉష్ణోగ్రత సవరణ లేకుండా లీకు ఉన్నదనడం తొందరపాటే.

రసాయన సాక్ష్యం

పెట్రోలు బంకులకు అలవాటైన బెంజీన్, టోలుయీన్ పరీక్షలు డీజిల్‌కు చాలవు. డీజిల్‌లో వాటి పాలు స్వల్పం. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లను, నాఫ్తలీన్ వంటి బహువలయ సమ్మేళనాలను కూడా కొలవాలి. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ఖనిజ నూనెకు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. తేలే పొర దొరకని చోట సూక్ష్మజీవులు కొంత ఆచూకీ ఇస్తాయి. ఆక్సిజన్ అయిపోయాక అవి సల్ఫేటును వాడుకొని హైడ్రోకార్బన్లను విచ్ఛిన్నం చేస్తాయి. సముద్రపు నీరు కలిసే చోట సల్ఫేటు ఒక్కదానినే కొలిస్తే ఈ తరుగు తెలియదు. క్లోరైడుతో నిష్పత్తి చూడాలి. సముద్రజలంలో ఆ నిష్పత్తి భారం ప్రకారం సుమారు 0.14. ఉప్పునీటి బావిలో అది అంతకంటే బాగా తగ్గి, కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తే సల్ఫేటు ఖర్చవుతున్నదని అనుమానించవచ్చు. హార్బరు అడుగు బురదలోని చేపల వ్యర్థాలు కూడా ఇదే పని చేయించగలవు కాబట్టి ఈ సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మరాదు.

నమూనా తీసే వేళ పక్కన పడవ ఇంజను నడుస్తుంటే ఆ పొగ సీసాలోకి చేరుతుంది. ఖాళీ సీసాను కూడా అక్కడే తెరిచి, శుద్ధజలంతో నింపి పరీక్షించాలి. పోటు వేళ జెట్టీ పగుళ్ల గుండా పడవల అడుగునీటి నూనె నేలలోకి రావచ్చు. అందుకే ట్యాంకుకు ఊరి వైపున ఒకటి, ట్యాంకుకు జెట్టీకి మధ్య ఒకటి, జెట్టీ అంచున ఒకటి చొప్పున కనీసం మూడు బావులు కావాలి. అంచు బావిలో వాడిన ఇంజనాయిలు ఆనవాళ్లు ఉండి మధ్య బావిలో లేకపోతే, వెతకవలసింది ట్యాంకులో కాదు, పడవల్లో.