సెల్ఫు పలుకనప్పుడు

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును చీల్చుకొని పోవును. ఇటు ఉప్పునీరు, అటు సముద్రము. 1971 అక్టోబరు 9వ తేదీన తొలి రాకెట్టు లేచిన దీవియైనను, ఉప్పుగాలి దానిని మన్నింపదు. బ్యాటరీ కొనలు త్వరగా చిలుమెక్కి, చౌడువలె పొడి పేరును. తెల్లవారి తాళపుచెవి త్రిప్పగా కారు "టక్కు" మని యూరకుండును. వెంటనే సోలినాయిడు పోయినదని క్రొత్తది కొనువారు కలరు. కొనుటకు ముందు దానిని ఇంటనే పరీక్షింపవచ్చును.

సెల్ఫు మోటారునకు వందల ఆంపియర్ల విద్యుత్తు కావలయును. చెవియొద్ద నుండు సన్నని తీగ అంత మోయజాలదు. అందుచే ఆ తీగలోని కొద్దిపాటి విద్యుత్తు సోలినాయిడను తీగచుట్టను అయస్కాంతముగా జేయును. అది లోని యినుపకడ్డీని లాగి, రాగిబిళ్లను రెండు లావు బోల్టులకు తాకించును. చెరువు తూము తీయువాని బలమెంత, పారు నీరెంత! ఇదియు నట్టిదే.

ముందుగా గేరు న్యూట్రలున నుంచి, చేతిబ్రేకు లాగి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. బ్యాటరీ కొనలను గీకి తుడిచి, మీటరుతో చూడవలెను. నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. టకటకమని వరుసగా కొట్టుకొన్నచో దోషము తరచుగా బ్యాటరీదే. పిదప మనుమని చెవి త్రిప్పుమని చెప్పి, సోలినాయిడు చిన్న కొనయొద్ద మీటరు పెట్టుడు. అచ్చట 12 వోల్టులకు చేరువగా వచ్చియు శబ్దము లేనిచో సోలినాయిడో, దాని ఎర్తో చెడినది. రానిచో చెవియొద్దనో తీగలోనో దోషమున్నది, సోలినాయిడు నిరపరాధి. శబ్దమై మోటారు తిరుగనిచో రెండు లావు బోల్టుల నడుమ మీటరు నుంచుడు. చెవి త్రిప్పకముందు 12 చూపిన ముల్లు, త్రిప్పగానే అర వోల్టునకు లోబడవలెను. పడనిచో లోని రాగిబిళ్ల కాలినది. పడియు మోటారు కదలనిచో జబ్బు మోటారుదే. బొత్తాముతో నడచు క్రొత్తకార్లను మాత్రము పనివానికే విడుచుట మేలు.

కొందరు స్క్రూడ్రైవరుతో ఆ బోల్టులను కలిపి సెల్ఫు కొట్టుదురు. ట్రాక్టరులయందు ఇది మరియు ఘోరము. నేలపై పెద్దచక్రము ముందు నిలిచి కలిపినప్పుడు, బండి గేరులోనున్నచో కలిపినవానిమీదికే వచ్చును. ఇట్లు ప్రాణములు పోయినవి. ఇంటి పిల్లలను ఈ పనికి పోనీయకుడు.

సోలినాయిడు మార్చునప్పుడు బ్యాటరీ నెగటివు తీగను మొదట విప్పి, కడపట తగిలింపవలెను. తగిలించిన పిదప కొనలకు వాసెలీను పూసినచో ఉప్పుగాలి కొంతకాలము దూరముగా నుండును.