చెయ్యి తాళం వేస్తుంటే మనసేం చేస్తుంది?

కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే మేళగాళ్ల బొమ్మలకు తాళం తప్పుతుందన్న బెంగ లేదు. ఆ బెంగంతా మనుషులకే. పక్కనే ఉన్న విజయవాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పూర్తి కచేరీ చేసేనాటికి ఆయనకు 8 ఏళ్లు! గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. అంత చిన్నవాడు సాహిత్యం, శ్రుతి, తాళం, పక్కవాద్యాలు అన్నీ ఒకేసారి ఎలా పట్టుకున్నాడు?

నిజానికి మనసు అన్నిటినీ ఒకేసారి గమనించలేదు. ఆది తాళం వేసి చూడండి. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన, ఉంగరం, నడిమి వేళ్లు వరసగా, ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం 8. కొత్తలో ఈ లెక్క తప్ప ఇంకేమీ తోచదు. ఏళ్ల తరబడి సాధన చేస్తే ఆ పనిలో చాలా భాగాన్ని చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా లాంటి భాగాలు చూసుకుంటాయి. చెయ్యి దానంతటదే నడుస్తుంది. అలా మిగిలిన ధ్యాసతోనే గాయకుడు అప్పటికప్పుడు కల్పనస్వరాలు అల్లుతాడు, ఒక చెవి మృదంగం వైపు వేసి ఉంచుతాడు.

మరి భయమేస్తే? గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. అప్పుడు వేళ్లనే పట్టి చూస్తే అలవాటైన పని కూడా తడబడుతుంది (మెట్లు దిగుతూ పాదాల గురించి ఆలోచించి చూడండి!). తంబురా శ్రుతి మీద చెవి పెట్టడమే నయం.

అయినా తప్పితే? పాట ఆపరు. సమం (తాళం మొదటి దెబ్బ) దగ్గర అందుకుంటారు. ఈలోగా మృదంగం దెబ్బ కాస్త గట్టిగా పడి దారి చూపిస్తుంది. వినేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.